అంబాసిడర్ బానెట్ కింద మాడిన వైరింగ్: ముందు ఏ వేడికి మాడిందో చూడండి

పోయిన వేసవిలో మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 బానెట్ కింద నుంచి కోసి తీసిన మూడు వైరు ముక్కలు ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో దాచుకున్నాను. మూడూ మాడినవే, దూరం నుంచి చూస్తే మూడూ ఒకటే నలుపు. దగ్గర పెట్టుకుని తిప్పి చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది. మొదటిది ఒక పక్కే మాడింది, పెనం మీద అట్టు ఒకవైపే మాడినట్టు, రెండో పక్క రంగు కూడా చెక్కుచెదరలేదు. రెండోది చివర్న జాయింట్ దగ్గర అంగుళం మేర నల్లబడి పెళుసైపోయింది, అక్కడి నుంచి వెనక్కి అంతా బానే ఉంది. మూడోది ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకేలా మెత్తబడి పక్క వైర్లకి అతుక్కుపోయింది, కోసి చూస్తే రాగిని అంటుకుని ఉన్న లోపలి పొరే ఎక్కువ మాడి ఉంది.

మూడింటికీ కారణాలు వేరు, మందులు కూడా వేరు. కానీ బండిని షాపుకి తీసుకెళ్తే మనకి వినిపించే మాట ఒకటే: "ఇంజన్ వేడికి పోయింది సార్, కొత్త వైరు లాగేద్దాం." లాగేస్తారు, అదే దారిలో, అదే మందం వైరు, అదే జాయింటు, పైన ఇంకో నాలుగు చుట్లు నల్ల టేపు, ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ అదే చోట అదే వాసన. మా బండికి ఇలా రెండుసార్లు జరిగాక ఇక నేనే కూర్చుని అసలు ఏం జరుగుతోందో అర్థం చేసుకుందామనుకున్నా. విజయవాడ ఆటోనగర్‌లో పాత బళ్ళ కరెంటు పని చేసే ఒక పెద్దాయన, నేను బాబాయ్ అంటాను, ఆయన దగ్గర నేర్చుకున్నది కొంత, మీటరు పెట్టి నేను కొలిచి తెలుసుకున్నది కొంత, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు బండి సంగతి. అంబాసిడర్ అంటే ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, బెంగాల్లో ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు తయారుచేసింది, 2014 దాకా తీశారు. మార్క్ 2లో ఉన్నది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ ఇంజన్. డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే ఈ ఇంజన్‌కి పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, దాని పక్కనే కార్బ్యురేటర్ ఎడమ వైపు ఉంటాయి, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో, ప్లగ్గులకి కరెంటు పంచే డెల్కో, సెల్ఫ్ మోటారు కుడి వైపు ఉంటాయి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఫ్యాక్టరీలో వేసిన కరెంటు సామాను ఎక్కువ భాగం చల్లటి వైపే పెట్టారన్నమాట. మరి మాడేది ఎక్కడ అంటే, తర్వాత యాభై ఏళ్ళలో మనవాళ్ళు లాగిన వైర్లు: ఎక్స్‌ట్రా హారను, ఫాగ్ లైట్లు, ఏసీ పెట్టించినప్పటి ఫ్యాను వైరు, ఇవన్నీ ఎటు దగ్గర దారి ఉంటే అటు, అంటే చాలాసార్లు మానిఫోల్డ్ మీదుగానే, వెళ్ళిపోతాయి. నా మొదటి ముక్క అదే. ఎవరో ఎప్పుడో ఫాగ్ లైట్లకి లాగిన ఎర్ర వైరు, మానిఫోల్డ్‌కి రెండు అంగుళాల దూరంలో వేలాడుతూ ఉండేది.

ఇక్కడ వేడి అంటే ఏంటో కొంచెం విడదీసి చెప్పాలి. బండి బాగా లాగుతున్నప్పుడు పోత ఇనుము మానిఫోల్డ్ వందల డిగ్రీలకి వెళ్తుంది. ఆ వేడి వైరుని రెండు రకాలుగా కొడుతుంది, ఒకటి చుట్టూ ఉన్న గాలి వేడెక్కి, రెండోది పొయ్యి ముందు కూర్చుంటే మొహానికి తగిలే సెగ లాగా నేరుగా. సెగకి మాడినదైతే సెగ తగిలే పక్కే మాడుతుంది, అందుకే ఒకవైపు మాడిన వైరు కనపడితే మానిఫోల్డో సైలెన్సర్ పైపో దాన్ని చూస్తోందని అర్థం. ఇంకో విషయం చాలామందికి తెలీదు, నాకూ మొన్నటి దాకా తెలీదు: వైరింగ్‌కి అన్నిటికన్నా చెడ్డ టైమ్ బండి నడుస్తున్నప్పుడు కాదు, ఆపిన తర్వాత పావుగంట. ఈ బండికి రేడియేటర్ ఫ్యాను ఇంజన్ బెల్టు మీద తిరుగుతుంది, ఇంజన్ ఆపితే ఫ్యానూ ఆగిపోద్ది, నీళ్ళు తిరగడం ఆగిపోద్ది, ఎదురుగాలీ ఉండదు, కానీ అంత బరువు ఇనుము మాత్రం వేడిగానే ఉంటుంది, ఆ వేడంతా బానెట్ కిందే పైకి లేచి అక్కడే తిరుగుతుంది. మే నెలలో విజయవాడలో నలభై దాటిన ఎండలో బండి నిలబెట్టి బానెట్ ఎత్తకుండా వదిలేస్తే ఆ కాసేపు లోపల పరిస్థితి ఊహించుకోండి. అందుకే పాత కాలం టాక్సీ డ్రైవర్లు దూరం నుంచి రాగానే బానెట్ ఎత్తి పెట్టేవాళ్ళు, రేడియేటర్ కోసమే అనుకునేవాణ్ణి గానీ దాని పుణ్యాన వైరింగ్ కూడా బతికేది.

వైరు తొడుగు మాడడం అంటే మంట అంటుకోవడమే అనక్కర్లేదు. ఎక్కువ వైర్లకి తొడుగు పీవీసీ. పీవీసీ దానంతట అది గట్టి ప్లాస్టిక్, ఇంట్లో నీళ్ళ పైపు లాగా. దాన్ని వంగేలా మెత్తగా చేయడానికి నూనె లాంటి పదార్థం కలుపుతారు. ఏళ్ళ తరబడి వేడి తగిలితే ఆ నూనె కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది, తొడుగు బిగుసుకుపోయి గాజులా పెళుసవుతుంది, ఒకరోజు మీరు ఏదో పని మీద వైరుని పక్కకి జరపగానే పెటుక్కుమని పగులుతుంది. వేడి ఇంకా ఎక్కువైతే పీవీసీ విరిగి ఆమ్లం ఆవిరి వదులుతుంది, అది తేమతో కలిసి రాగిని తింటుంది, అందుకే పాత వైరు తొడుగు కోస్తే లోపల రాగి నల్లగానో పచ్చగానో ఉంటుంది. ఇంజనీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది, పది డిగ్రీలు వేడి పెరిగితే తొడుగు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని. అంటే మానిఫోల్డ్ నుంచి వైరుని ఒక జానెడు దూరం జరిపి చుట్టూ వేడి ఇరవై డిగ్రీలు తగ్గించగలిగితే చాలు, ఆయుష్షు నాలుగింతలు. ఖరీదైన వైరు కొనడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు.

పాత బళ్ళకే ఇలా అవుతుందనుకోకండి, 1990ల మొదట్లో వచ్చిన మెర్సిడెస్ కార్లలో ఇంజన్ వైరింగ్ తొడుగు కొన్నేళ్ళకే బిస్కెట్‌లా పొడిపొడి అయిపోవడం వాటిని వాడినవాళ్ళందరికీ తెలిసిన సంగతే, డబ్ల్యూ124 లాంటి బళ్ళు కొనేవాళ్ళు ఇవాళ్టికీ ముందు అడిగేది వైరింగ్ మార్చారా అనే.

సరే, రెండో ముక్కకి వద్దాం. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. హెడ్ లైటు వైరు, ముందు గ్రిల్ పక్కన బుల్లెట్ జాయింట్ (తూటా ఆకారం పిన్ను గొట్టంలోకి దూరే జాయింటు) దగ్గర మాడింది. అక్కడ ఇంజన్ వేడి పెద్దగా ఉండదు, ఎదురుగాలి నేరుగా తగిలే చోటు. మరి మాడడం ఏంటి? వేడి బయట నుంచి రాలేదు, జాయింట్లోనే పుట్టింది.

లెక్క చూడండి. 60 వాట్ల బల్బులు రెండు, 12 వోల్టులు, అంటే 10 ఆంప్స్. జాయింట్ తుప్పు పట్టో లూజై‌ పోయో అక్కడ 0.1 ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి, చాలా చిన్న సంఖ్యే, మామూలు మీటరు సరిగ్గా చూపించలేదు కూడా. కానీ 10 ఆంప్స్ దాని గుండా వెళ్తే అక్కడ 1 వోల్టు పోతుంది, 10 వాట్లు వేడిగా మారుతుంది. రేడియో రిపేర్ వాళ్ళు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అంటే చిటికెన వేలి గోరంత జాయింట్లో, రబ్బరు తొడుగు లోపల, గాలి తగలని చోట, దాదాపు సగం సోల్డరింగ్ ఐరన్ వెలుగుతున్నట్టు. ఆ వేడికి రబ్బరు బిగుసుకుపోయి పట్టు వదులుతుంది, పట్టు వదిలితే అడ్డు ఇంకా పెరుగుతుంది, అడ్డు పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది, ఇలా చుట్టూ తిరుగుతూ చివరికి మాడుతుంది. ఇక్కడ మీరు ఎంత ఖరీదైన వేడి తట్టుకునే వైరు వేసినా జాయింటు అదే పాతదైతే మళ్ళీ అదే జరుగుతుంది, పైగా కొత్త వైరు మాడలేదని మీరు ధైర్యంగా ఉంటారు, లోపల బుల్లెట్ మాత్రం ఉడుకుతూనే ఉంటుంది.

దీనికి ఇంకో నష్టం, వెలుతురు. హెడ్ లైటు బల్బుకి వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు 10 శాతం తగ్గి ఊరుకోదు, సుమారు 30 శాతం పడిపోతుంది. "పాత బండి కదా, లైట్లు అంతే" అని మనం సరిపెట్టుకుని పోయి 100 వాట్ల బల్బులు వేయిస్తాం, ఇప్పుడు అదే కుళ్ళిన జాయింట్లో 16 ఆంప్స్ పైన వెళ్తుంది, వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 10 వాట్లు కాస్తా 25 వాట్లు దాటుతుంది. నిజంగానే సోల్డరింగ్ ఐరన్. మా బండిలో సరిగ్గా ఇదే జరిగింది, వేయించింది నేనే, ఆ రోజు ఈ లెక్క తెలిసుంటే వేయించేవాణ్ణి కాదు.

మూడో ముక్క, మొత్తం పొడుగునా మాడినది. ఇలా మాడితే అనుమానం లేదు, ఆ వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు దాని గుండా వెళ్ళింది. ఇది డైనమో నుంచి వచ్చే మందం వైరు. ఈ బండికి ఫ్యాక్టరీలో వచ్చింది లూకాస్ (ఇంగ్లండ్ కరెంటు సామాను కంపెనీ) డైనమో. ఆ రోజుల్లో ఇలాంటి బళ్ళకి వాడిన సీ40 డైనమో గట్టిగా తిరిగినా 22 ఆంప్స్ ఇస్తుంది. దానికి తగ్గట్టే వైరు, 0.30 మిల్లీమీటర్ల తీగలు 44 కలిపి పేనినది, 27 ఆంప్స్ దాకా మోస్తుంది. పదేళ్ళ కిందట ఒక షాపులో డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టారు, అది మంచి పనే, లైట్లు బాగా వచ్చాయి, బ్యాటరీ నిలబడింది. కానీ వైరు మార్చలేదు. మామూలు రోజుల్లో బ్యాటరీ నిండుగా ఉంటే ఆల్టర్నేటర్ కొంచెమే పంపిస్తుంది కాబట్టి ఏమీ తెలియలేదు. లాక్‌డౌన్‌లో నెలల తరబడి బండి కదలక బ్యాటరీ డౌన్ అయింది, వేరే బండి నుంచి వైర్లు పెట్టి స్టార్ట్ చేసి గుంటూరు దాకా తోలాను, ఆ గంటసేపు ఆల్టర్నేటర్ తన దగ్గర ఉన్న 45 ఆంప్స్‌లో ఎంత వీలైతే అంత ఖాళీ బ్యాటరీలోకి తోసింది, 27 ఆంప్స్ వైరు గుండా. దాని పక్కన కట్టలో ఉన్న మరో నాలుగు వైర్లని కూడా తనతో పాటు కరిగించింది.

ఫ్యూజు పోలేదా అని మీరు అడుగుతారు. పోవడానికి అక్కడ ఫ్యూజే లేదు. ఆ కాలం లూకాస్ వైరింగ్‌లో ఫ్యూజులు రెండే, అవి హారను, వైపరు, బ్రేక్ లైటు లాంటి చిల్లర సామానుకే. ఛార్జింగ్ వైరుకి లేదు, ఇగ్నిషన్‌కి లేదు, హెడ్ లైట్లకి కూడా లేదు, నడిరోడ్డు మీద రాత్రిపూట ఫ్యూజు పోయి రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోకూడదని అప్పట్లో అలా చేశారు, దాంట్లో న్యాయం ఉంది. కానీ అది వైర్లు కొత్తగా ఉన్నప్పటి మాట. యాభై ఏళ్ళ వైరు ఎక్కడైనా బాడీకి తగిలితే బ్యాటరీలో ఉన్నదంతా దాని గుండానే వెళ్తుంది, పక్కనే పెట్రోల్ పైపు.

ఫ్యూజు గురించే ఇంకొక్క మాట, ఇది పట్టుకోకపోతే చాలా ప్రమాదం. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కొట్టేసే కరెంటు, అంటే అంత వెళ్తే వెంటనే కరుగుతుందని. నిలకడగా అది మోసేది అందులో సగమే, 17 ఆంప్స్ చిల్లర. ఇప్పుడు దొరికే బ్లేడ్ ఫ్యూజుల మీద రాసేది నిలకడగా మోసే కరెంటు. పాతదాని మీద 35 ఉంది కదా అని కొత్త 35 ఆంప్స్ బ్లేడ్ ఫ్యూజు పెడితే వైరు ముందు కరుగుతుంది, ఫ్యూజు మాత్రం క్షేమంగా ఉంటుంది. 15 పెట్టండి, మరీ అవసరమైతే 20.

ఈ మూడూ కాక నాలుగోది ఒకటుంది, దాని ముక్క నా దగ్గర లేదు, బాబాయ్ చూపించాడు. ఒక బండి చోక్ కేబుల్, పైన తొడుగు మొత్తం కరిగిపోయి, లోపల స్ప్రింగ్ తీగ నీలంగా మారింది. "దీనికి కరెంటుతో సంబంధం ఏంటి బాబాయ్" అన్నాను. "అదేరా, ఉండకూడదు, ఉంది" అన్నాడు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజన్‌కీ బాడీకీ మధ్య కరెంటు వెనక్కి రావడానికి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగిపోతేనో, ఇంజన్ దించి ఎక్కించినప్పుడు ఎవరైనా బిగించడం మర్చిపోతేనో, సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంప్స్ ఏదో ఒక దారి వెతుక్కుని బ్యాటరీకి తిరిగి రావాలి, ఇంజన్‌నీ బాడీనీ కలిపే ఇనుప వస్తువు ఏది దొరికితే దాని గుండా వస్తుంది, చోక్ కేబులో యాక్సిలరేటర్ కేబులో. అందుకే వైరింగ్ పని మొదలెట్టే ముందు నేను మొదట చూసేది ఈ పట్టీనే, ఎర్త్ పట్టీ అంటారు. విప్పి, రెండు చివర్లా పెయింటూ తుప్పూ గీకి మెరిసే ఇనుము కనపడేలా చేసి, కొత్త పట్టీ వేసి బిగించి, పైన కొంచెం గ్రీజు. అరగంట పని.

ఇప్పుడు మార్చడం. అన్నిటికన్నా ముందు బ్యాటరీ ఎర్త్ వైరు (బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళేది) తీసేయండి. తర్వాత ఫోటోలు, ప్రతి జాయింటుకీ, ప్రతి టెర్మినల్‌కీ, మీకు గుర్తుంటుంది అనిపించినా సరే తీయండి. ప్రతి వైరుకీ పేపర్ టేపు మీద ఎక్కడి నుంచి ఎక్కడికి అని రాసి అంటించండి. ఒక్కో వైరు కోసి ఒక్కో వైరు కలుపుతూ బండి మీదే పని చేయాలనిపిస్తుంది, అలా చేయకండి, కట్ట మొత్తం ఒకేసారి బయటికి తీసి ఒక ప్లైవుడ్ చెక్క మీద పరిచి, ఎక్కడెక్కడ కొమ్మ విడిపోతుందో అక్కడ మేకులు కొట్టి, ఆ మేకుల చుట్టూ కొత్త వైర్లు పరుచుకుంటూ వెళ్ళండి. ఫ్యాక్టరీల్లో వైరింగ్ సెట్లు తయారుచేసేదీ ఈ పద్ధతిలోనే. బండి మీద వంగి చేస్తే నడుము పోతుంది, పొడుగులూ తప్పుతాయి. మానిఫోల్డ్ వైపు వెళ్ళే వైర్లకి కొత్త దారి ఈ చెక్క మీదే ఆలోచించుకోవాలి, మా బండిలో ఫాగ్ లైటు వైరుని ఇంజన్ మీదుగా కాకుండా రేడియేటర్ ముందు నుంచి చుట్టి తిప్పాను, ఒక మీటరు ఎక్కువ పట్టింది, అంతే.

కట్టలో ఏ వైరు ఉంచాలి ఏది పారేయాలి అంటే వైరుని వెనక్కి మడిచి చూడండి, తొడుగు పగిలితే అది అయిపోయినట్టే. పగలకపోతే చివర కొంచెం తొడుగు వలిచి రాగి చూడండి, కొత్త పైసాలా మెరుస్తుంటే బతికే ఉంది, నల్లగా ఉంటే మెరిసే చోటు దాకా కోసుకుంటూ వెళ్ళండి, కొన్నిసార్లు అడుగు లోపలికి వెళ్ళినా నలుపే వస్తుంది, అలాంటిది మొత్తం మార్చేయాలి. నల్లబడిన రాగికి టంకం పట్టదు, థింబుల్ (వైరు కొసకి తొడిగి నొక్కే లోహపు ముక్క) నొక్కినా పట్టు సరిగ్గా రాదు.

వైరు కొనడం దగ్గర మనవాళ్ళు ఎక్కువ మోసపోతారు. షాపులో ఇంటి వైరింగ్‌కి వాడే వైరు ఇచ్చేస్తారు, అది మంచి కంపెనీదే, రాగి మంచిదే, కానీ మామూలు ఇంటి వైరు తొడుగు 70 డిగ్రీలకి చేసింది, గోడలో ఉండాల్సింది బానెట్ కింద ఎలా బతుకుతుంది. బళ్ళ వైరుకి అంతర్జాతీయంగా తరగతులు ఉన్నాయి: 85 డిగ్రీలది ఏ, 100 డిగ్రీలది బీ, 125 డిగ్రీలది సీ, 150 డిగ్రీలది డీ. సన్న తొడుగు పీవీసీ ఆటో కేబుల్ మంచిదైతే 105 డిగ్రీల దాకా వస్తుంది, కుడి వైపు చల్లటి చోటికి అది చాలు. ఎడమ వైపు, ఇంజన్‌కి దగ్గరగా తప్పనిసరిగా వెళ్ళాల్సినవాటికి క్రాస్ లింక్ చేసిన (ప్లాస్టిక్ గొలుసులని ఒకదానితో ఒకటి ముడివేసి వేడికి కరగకుండా చేసిన) తొడుగు ఉన్నది అడగండి, అది 125 డిగ్రీలకి చేసింది, అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే జీఎక్స్‌ఎల్, టీఎక్స్‌ఎల్ పేర్లతో దొరుకుతుంది. సిలికాన్ తొడుగు 180 డిగ్రీలు తట్టుకుంటుంది గానీ అది మెత్తన, ఏదైనా అంచుకి రాసుకుంటే కోసుకుపోతుంది, కాబట్టి పైన ఫైబర్ గ్లాస్ స్లీవ్ లేకుండా వాడకండి. ఇంకో మోసం అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు, స్పీకర్లకీ ఆంప్లిఫయర్లకీ కిట్లలో వచ్చేది ఎక్కువ ఇదే. బ్లేడుతో తీగని గీకితే లోపల తెల్లగా కనపడుతుంది. అది బండికి వద్దే వద్దు.

మందం ఎంత అంటే, పాత తీగల లెక్కలో 14 తీగలది 1 చదరపు మిల్లీమీటరు, సుమారు 8 నుంచి 9 ఆంప్స్. 28 తీగలది 2 చదరపు మిల్లీమీటర్లు, 17 ఆంప్స్. 44 తీగలది 3, 27 ఆంప్స్. 84 తీగలది 6, 42 ఆంప్స్. 120 తీగలది 8.5, 60 ఆంప్స్. మా 45 ఆంప్స్ ఆల్టర్నేటర్‌కి నేను ఈ చివరిది వేశాను, బ్యాటరీ దగ్గర 60 ఆంప్స్ ఫ్యూజుతో. ఈ అంకెలన్నీ వైరు ఒక్కటే గాలిలో ఉన్నప్పటివి, పది వైర్ల కట్ట మధ్యలో ఇరుక్కున్న వైరుకి వేడి బయటికి పోయే దారి ఉండదు, అందుకే ఎప్పుడూ ఒక సైజు పైది తీసుకోండి. పైగా రాగి వేడెక్కితే దాని అడ్డు కూడా పెరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర ఉన్నదానికి 80 డిగ్రీల దగ్గర దాదాపు నాలుగో వంతు ఎక్కువ. 1 చదరపు మిల్లీమీటరు వైరు 5 మీటర్లలో 10 ఆంప్స్ పంపిస్తే చల్లగా ఉన్నప్పుడే 0.86 వోల్టు పోతుంది, వేడెక్కితే 1 వోల్టు దాటుతుంది. అదే 2.5 వైరులో 0.34 మాత్రమే.

రంగులు మార్చకండి, దయచేసి. నాకు ముందు పని చేసినాయన బానెట్ కింద తను కొత్తగా లాగిన చోటల్లా ఎర్ర వైరే వాడాడు, ఏది ఎక్కడికి వెళ్తుందో కనుక్కోవడానికే నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. లూకాస్ పద్ధతి తెలిస్తే బండి తనంతట తనే చెప్తుంది: గోధుమ రంగు అంటే ఎప్పుడూ కరెంటు ఉండే బ్యాటరీ లైను, తెల్లది తాళం తిప్పితే వచ్చేది, పచ్చది ఆ తెల్లదే ఫ్యూజు దాటి వచ్చాక, నీలం హెడ్ లైట్లు, అందులో నీలం మీద తెల్ల గీత హై బీమ్, నీలం మీద ఎర్ర గీత డిప్, ఎర్రది పార్కింగూ వెనక లైట్లూ, నల్లది ఎర్త్. గీతల వైరు దొరక్కపోతే ఒకే రంగు వైరు తీసుకుని రెండు చివర్లా గీత రంగు స్లీవ్ ముక్క తొడగండి, తర్వాత ఆ బానెట్ ఎత్తేవాడు మీకు దణ్ణం పెడతాడు.

జాయింట్ల దగ్గర టంకమా, థింబుల్ నొక్కడమా అని పెద్ద వాదన ఉంది. నా అభిప్రాయం నొక్కడమే. టంకం పెడితే అది తీగల మధ్యలోకి పాకి ఆ భాగాన్ని కర్రలా చేస్తుంది, కర్ర ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఇంజన్ అదురుకి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. పైగా మామూలు టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలెడుతుంది, మనం ఇందాక చూసిన లూజ్ జాయింట్ వేడికి అది కారిపోయిన సందర్భాలున్నాయి. నొక్కడం అంటే కటింగ్ ప్లేయర్‌తో చితక్కొట్టడం అనుకోకండి, సరైన రాచెట్ క్రింపర్ కొనుక్కోండి, ప్రతి జాయింటూ నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడనివ్వండి. పైన లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) వేయండి. నల్ల ఇన్సులేషన్ టేపు మాత్రం బానెట్ కింద వద్దు, వేడికి దాని జిగురు తారులా కారుతుంది, దుమ్మంతా పడుతుంది, టేపు ఊడొస్తుంది. కట్ట చుట్టడానికి గుడ్డ టేపు వాడండి. కొన్ని పాత షాపుల్లో వేడి ఆపడానికి రాతినార (ఆస్బెస్టాస్) తాడు చుట్టేవాళ్ళు, పాత బండిలో అది కనపడితే పొడిగా ఉన్నప్పుడు పీకకండి, దాని దుమ్ము ఊపిరితిత్తులకి ప్రాణాంతకం. సెగ ఆపడానికి పలచటి అల్యూమినియం రేకు ఒకటి మానిఫోల్డ్‌కీ వైరుకీ మధ్య పెట్టండి, రెండు వైపులా గాలి ఆడేలా ఖాళీ వదిలి, రేకుని వైరుకే చుట్టేస్తే ఆ ఖాళీ ఉండదు కాబట్టి లాభం చాలా తగ్గిపోతుంది.

హెడ్ లైట్లకి రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చులు) పెట్టాను, హై బీమ్‌కి ఒకటి, డిప్‌కి ఒకటి. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి 2.5 వైరు నేరుగా రిలే 30 నంబరు పిన్నుకి, 87 నుంచి లైటుకి, పాత నీలం వైర్లు ఇప్పుడు 86కి వెళ్ళి రిలేని లాగడం వరకే, 85 ఎర్త్. పాత స్విచ్చు, డిప్పర్, వాటి వైర్ల గుండా ఇంతకుముందు 10 ఆంప్స్ వెళ్ళేది, ఇప్పుడు పావు ఆంపు కూడా వెళ్ళదు. ఇలా రిలే పెడితే బండి ఒరిజినాలిటీ పోతుందని కొంతమంది బాధపడతారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ బళ్ళ రూల్స్‌లో యాభై ఏళ్ళు దాటిన బండికి చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదనే ఉంది. నా బండిలో రిలేలు బ్యాటరీ వెనక కనపడని చోట ఉన్నాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి పాత వైరు పాత చోట కలిపేయొచ్చు, రిలేల కోసం పాతది ఒక్కటి కూడా కోయలేదు.

పని అయ్యాక చెక్ చేయడానికి మల్టీమీటర్ చాలు. లైట్లు వేసి, మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, ఇంకో కొస లైటు వెనక ప్లస్ టెర్మినల్ మీద పెట్టండి, వచ్చేది దారిలో పోతున్న వోల్టేజి. అర వోల్టు లోపు ఉండాలి. మా బండిలో పనికి ముందు 2.1 ఉండేది, ఇప్పుడు 0.3. తర్వాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని, ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ ఇనుము మీద పెట్టండి, ఇక్కడ కూడా అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి.

చివరిగా ఒక గంట బండి తోలుకొచ్చి, లైట్లన్నీ వేసి ఉంచి, ఆపీ ఆపగానే బానెట్ ఎత్తి, మానిఫోల్డ్ వైపు చెయ్యి పోనివ్వకుండా, మీరు కలిపిన జాయింట్లన్నీ వేలి వెనక వైపుతో ఒక్కొక్కటే తాకుతూ వెళ్ళండి. పక్క వైరు కన్నా ఏ జాయింటైనా వెచ్చగా తగిలితే అది మళ్ళీ విప్పండి. నాకు ఒకటి దొరికింది, కుడి హెడ్ లైటు ఎర్త్, బాడీ మీద పెయింటు గీకడం మర్చిపోయి బిగించాను.